రోజూ ఆఫీసుకెళ్లే కారుతో ట్రాక్ డే: బెల్టు మార్చాలా, ఏ హెల్మెట్ కొనాలి?

#1 వర్టస్_కూకట్‌పల్లి
నాది వర్టస్ జీటీ 1.5, మాన్యువల్. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి (మన సొంత కారుని రేస్ ట్రాక్‌లో తిప్పే రోజు) డబ్బు కట్టేశా. వాళ్లు పంపిన మెయిల్‌లో హెల్మెట్ తప్పనిసరి, కారు మంచి కండిషన్‌లో ఉండాలి అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేం లేదు. ఏ హెల్మెట్ అని ఫోన్ చేసి అడిగితే "మీ ఇష్టం సార్" అన్నారు. ప్రాణానికి సంబంధించిన సంగతి నా ఇష్టానికి వదిలేస్తే ఎలా?

ఇక్కడ ఒక యాక్సెసరీస్ షాపులో నాలుగు పాయింట్ల హార్నెస్ (రేసు కార్లలో వాడే బెల్టు), బకెట్ సీటు ఒక్క రోజులో బిగించి ఇస్తామన్నారు. వీడియోలు చూస్తే తల, మెడ కాపాడే హాన్స్ అంటారు, మంటకి అంటుకోని నోమెక్స్ గుడ్డ సూటు అంటారు, కారు లోపల ఉక్కు గొట్టాల రోల్ కేజ్ అంటారు. అన్నీ కొనాలంటే ఇంకో కారు డౌన్ పేమెంట్ అయిపోతుంది. పైగా అదే కారులో సోమవారం పొద్దున మా పాపని స్కూల్లో దింపాలి. ట్రాక్ అయ్యాక ఆరు వందల కిలోమీటర్లకి పైగా నడుపుకుంటూ ఇంటికి రావాలి. దేనికి ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

#2 బెజవాడ_టర్బో
మంచి హెల్మెట్ ఒకటి కొనుక్కో, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించు, వెళ్లు. మొదటిసారికి అంతకు మించి అక్కర్లేదు. కంపెనీవాడిచ్చిన బెల్టు, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయిగా.

#3 ఓరుగల్లు_పోలో
ఆ షాపోడు చెప్పిన హార్నెస్ జోలికి అస్సలు పోకు అన్నా. మా దోస్తు ఒకడు గిట్లనే పచ్చ రంగు నాలుగు పాయింట్ల బెల్టు ఆన్‌లైన్ల తెప్పించిండు. పట్టీ మీద పెద్ద బ్రాండ్ పేరుంది గని ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) లేబుల్ లేదు, తయారైన తారీఖు లేదు. భుజం పట్టీలు రెండూ తీస్కపోయి వెనక సీటు బెల్టు బోల్టులకు కట్టిండు. అవి సీటు మీదికెళ్లి దాదాపు నిలువునా కిందికి దిగుతున్నయ్. బండి గుద్దుకుంటే ఆ పట్టీ మనిషిని వెనక్కి పట్టదు, వెన్నెముకను కిందికి తొక్కుతది. 45 డిగ్రీల కన్న ఎక్కువ వాలొద్దని ఎఫ్‌ఐఏ రూలే ఉన్నది. 10 డిగ్రీల లోపల ఉంటె మంచిది అంటది. మనోడు కారు కొలతలు తీస్కున్నడా, ఏమన్ననా? బిగించుడే బిగించుడు.

#4 విశాఖ_ఆక్టావియా
@ఓరుగల్లు_పోలో నకిలీ బెల్టు ఒకటి చూపించి హార్నెస్‌లన్నీ చెడ్డవంటే ఒప్పుకోను. నా కారులో నాలుగు పాయింట్లదే ఉంది. మూడు పాయింట్ల బెల్టుతో ట్రాక్‌లో తిప్పితే కుడి మలుపులో ఎడమకి, ఎడమ మలుపులో కుడికి జారిపోతాం. మోకాలు తలుపుకి ఆనించుకుని, స్టీరింగ్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. స్టీరింగ్ ఉన్నది తిప్పడానికి, వేలాడడానికి కాదుగా. ఒళ్లు కదలకుండా ఉంటే చేతులు తేలిగ్గా పనిచేస్తాయి, కారు ఏం చేస్తోందో నడుముకి తెలుస్తుంది. ప్రమాదం జరక్కుండా చూసేది కూడా సేఫ్టీయే.

#5 మియాటా_డాలస్
విశాఖ వారు చెప్పినదాంట్లో సగంతో నాకు పేచీ లేదు. మిగతా సగం దగ్గరే మనుషులు దెబ్బతింటున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

కంపెనీవాడు బెల్టు, గుద్దుకోగానే దాన్ని బిగించే ప్రీటెన్షనర్, ఎయిర్‌బ్యాగ్, సీటు, కారు డొక్క అన్నీ కలిపి ఒకే అమరికగా పరీక్షించి ఇస్తాడు. వర్టస్‌కి 2023లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. ఆ నక్షత్రాలు మూడు పాయింట్ల బెల్టు పెట్టుకున్న మనిషికి. అందులోంచి ఒక్కటి తీసేసి రేసు కారు ముక్క పెడితే మిగిలినవి లెక్క తప్పుతాయి.

మామూలు నాలుగు పాయింట్ల హార్నెస్ సంగతి చూడండి. ఎదురుగా గుద్దుకున్నప్పుడు ఒంటి బరువంతా భుజం పట్టీల మీద పడుతుంది. అవి మధ్యలో ఉన్న బకిల్‌ని పైకి లాగుతాయి. కటి ఎముక మీద ఉండాల్సిన నడుం పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది, మనిషి దాని కిందనుంచి ముందుకి జారిపోతాడు. కాలేయం, ప్లీహం, పేగులు ఉండే చోటది. రేసు కార్లలో కాళ్ల మధ్యనుంచి వచ్చే అయిదో, ఆరో పట్టీ ఉండేది బకిల్‌ని కిందికి పట్టి ఉంచడానికే. ఆ పట్టీ వెళ్లాలంటే సీటు కుషన్‌కి రంధ్రం ఉండాలి, అంటే బకెట్ సీటు కావాలి. మీ సీటు తీస్తే అందులోని సైడ్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది.

కారు బోల్తా పడితే ఇంకో చిక్కు. మూడు పాయింట్ల బెల్టులో పైకప్పు నలిగితే ఒళ్లు పక్కకి వాలే చోటు ఉంటుంది. హార్నెస్ మిమ్మల్ని నిటారుగా కట్టేస్తుంది, ఒత్తిడంతా తల మీద, మెడ మీద. అందుకే హార్నెస్ ఉంటే రోల్ బార్ ఉండాలి. రోల్ బార్ అంటే తలకి దగ్గర్లో ఉక్కు గొట్టం. ట్రాక్‌లో హెల్మెట్ ఉంటుంది కాబట్టి పర్లేదు, సోమవారం స్కూలు దారిలో హెల్మెట్ ఉండదు. పాప వెనక సీట్లో కూర్చుంటే ఆ బార్ సరిగ్గా తన ముఖం ముందు ఉంటుంది.

కాబట్టి నా మాట: ఒకటి ముట్టుకుంటే అన్నీ మార్చాలి, లేదా ఏదీ ముట్టుకోకూడదు. సగం సగం చేసినదే అన్నిటికంటే ప్రమాదం.

#6 విశాఖ_ఆక్టావియా
@మియాటా_డాలస్ నాది ష్రోత్ కంపెనీది, యాంటీ సబ్‌మెరైనింగ్ (మనిషి పట్టీ కిందనుంచి జారకుండా ఆపే ఏర్పాటు) ఉన్నది. షాపు పట్టీ కాదు.

#7 మియాటా_డాలస్
అదైతే లెక్క వేరు, మొదటే చెప్పాల్సింది. తెలియనివాళ్ల కోసం: అందులో ఒక భుజం పట్టీలో కొంత భాగం మడిచి కుట్టి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ కుట్టు తెగి పట్టీ కాస్త సాగుతుంది. ఒక భుజం ముందుకి తిరుగుతుంది, నడుం కిందనే ఉంటుంది. మన మామూలు బెల్టు చేసే పనిని అనుకరిస్తుందన్నమాట. కాకపోతే అది ఏ కారుకి, ఏ సీటుకి, ఏ బోల్టులకి అని తయారీదారు జాబితా ఇస్తాడు. జాబితాలో మీ కారు ఉంటే సరే. కుడి ఎడమ పట్టీలు తారుమారు చేసినా పనిచేయదు. మెడ సంగతి మాత్రం అలాగే మిగిలింది. హార్నెస్‌తో పాటు మీరు హాన్స్ వాడుతున్నారా?

#8 విశాఖ_ఆక్టావియా
లేదు. ట్రాక్ డేనే కదా, రేసు కాదుగా.

#9 డాక్టరమ్మ_ఎన్‌లైన్
ఆ ఒక్క మాటకే లాగిన్ అయ్యాను. గోడకి అది రేసా, ట్రాక్ డేనా తెలియదు.

ఎమర్జెన్సీలో పనిచేస్తాను, వారాంతాల్లో ఐ20 ఎన్ లైన్‌తో ట్రాక్‌కి వెళ్తాను. మెడ గురించి నాకు తెలిసింది చెప్తా. తల బరువు అటూ ఇటూగా నాలుగున్నర, అయిదు కిలోలు. హెల్మెట్ ఇంకో కిలోన్నర. కారు గట్టిగా ఆగిన క్షణంలో 40 జీ వచ్చిందనుకోండి, ఆ ఆరు కిలోలు 240 కిలోల బరువుతో ముందుకి లాగుతాయి. ఛాతీని హార్నెస్ అంగుళం కదలనివ్వదు. తల ఒక్కటే ముందుకి పోతుంది. ఆ లాగుడంతా పుర్రె అడుగున, మెడ మొదటి ఎముక దగ్గర పడుతుంది. పుర్రె అడుగుభాగం చిట్లితే అక్కడే రక్తనాళాలు, మెదడు కాండం ఉన్నాయి. మా దగ్గరికి తీసుకొచ్చేలోపే అయిపోయే గాయం అది.

1994లో ఇమోలాలో ఫార్ములా వన్ డ్రైవర్ రాట్జెన్‌బర్గర్, 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో అమెరికా నాస్కార్ రేసుల డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ పోయింది ఇలాగే. ఎర్న్‌హార్ట్ కారుని టీవీలో చూసినవాళ్లకి అది పెద్ద ప్రమాదంలా కూడా అనిపించలేదు. ఆ ఏడాది అక్టోబరులో నాస్కార్, 2003లో ఫార్ములా వన్ తల, మెడ కాపాడే పరికరం తప్పనిసరి చేశాయి. హాన్స్ అప్పటికి కొత్తదేం కాదు. మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బంధువు, రేసర్ జిమ్ డౌనింగ్ 1980ల్లోనే తయారుచేశారు. చాలామంది డ్రైవర్లు ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టారు.

మామూలు బెల్టు గుద్దుకున్నప్పుడు కొంచెం వదులిస్తుంది. ఛాతీ కూడా తలతో పాటు ముందుకొస్తుంది, ఎయిర్‌బ్యాగ్ తలని అందుకుంటుంది. మెడ మీద భారం తగ్గుతుంది. అందుకే హార్నెస్ పెట్టి హాన్స్ పెట్టుకోకపోవడం అంటే ఉన్న రక్షణని డబ్బిచ్చి తీసేయించుకోవడమే. విశాఖ గారూ, మీరు చెప్పిన కంట్రోల్ సంగతి నిజమే. ఆ పట్టీతో పాటు మెడకి కూడా ఏదో ఒకటి కొనండి, దయచేసి.

#10 విశాఖ_ఆక్టావియా
సరే డాక్టర్ గారూ. ఈ మాట ఇంతవరకు నాకెవరూ ఇలా చెప్పలేదు. నా బెల్టుకి హాన్స్ కుదురుతుందో లేదో మోడల్ నంబరు చూసి కనుక్కుంటా. అది తేలేదాకా మామూలు బెల్టుతోనే తిప్పుతా.

#11 వర్టస్_కూకట్‌పల్లి
హార్నెస్ ఆలోచన మానేశా. అడ్వాన్స్ ఇవ్వకముందే అడగడం మంచిదైంది. మరి మామూలు బెల్టు మీదే హాన్స్ వేసుకోవచ్చా?

#12 మియాటా_డాలస్
కుదరదు. హాన్స్‌ని రెండు భుజాల మీద రెండు పట్టీలు తొక్కి పట్టాలి. మూడు పాయింట్ల బెల్టు ఒక భుజం మీదే ఉంటుంది, రెండో వైపు లేచి పక్కకి జారిపోతుంది. సింప్సన్ హైబ్రిడ్ ఎస్ లాంటి మెడ కాపాడే పరికరాలకి సొంత ఛాతీ పట్టీ ఉంటుంది. హెల్మెట్‌ని ఆ పట్టీకే కట్టేస్తారు కాబట్టి మామూలు బెల్టుతో కూడా వాడొచ్చని తయారీదారే చెబుతాడు. ఇక్కడ అమెరికాలో ట్రాక్ డేల్లో అది వేసుకునేవాళ్లు కనిపిస్తారు. ఖరీదు ఎక్కువే. మొదటి రోజుకి తప్పనిసరి అనను, ట్రాక్ అలవాటుగా మారితే అదే మొదట కొనమంటా.

#13 బైక్_నుంచి_కారుకి
హెల్మెట్ దగ్గరికి వద్దాం. నా దగ్గర ఈసీఈ 22.06 (యూరప్ ప్రమాణం) ఉన్న బైక్ ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉంది, కొత్తది. దాంతోనే రెండు ట్రాకులు తిరిగా, ఎవరూ ఆపలేదు. పాతిక, ముప్పై వేలు పెట్టి మళ్లీ కారు హెల్మెట్ ఎందుకు? తల తలే కదా.

#14 నెల్లూరు_నుంచి_చెన్నై
తల ఒకటే బాబూ, తగిలే వస్తువులు వేరు.

నేను కొన్నాళ్లుగా ట్రాక్ దగ్గర కార్లు తనిఖీ చేసే పనిలో ఉన్నాను, అందుకే చెప్తున్నా. బైక్ మీద పడినవాడు రోడ్డుకి తగులుతాడు. కారులో ఉన్నవాడి తల రోల్ బార్‌కో, తలుపు పైన పిల్లర్‌కో తగులుతుంది, అదే చోట మళ్లీ మళ్లీ తగలొచ్చు. హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ కారు రేసుల కోసం ఇచ్చే ఎస్‌ఏ ప్రమాణంలో ఆ గొట్టానికి కొట్టే పరీక్ష ఉంది, లోపలి గుడ్డకి నిప్పు పరీక్ష ఉంది. బైకుల కోసం ఇచ్చే ఎమ్ ప్రమాణంలో ఈ రెండూ లేవు. బైక్ హెల్మెట్ లోపలి గుడ్డ ఎక్కువగా పాలియెస్టర్, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఎస్‌ఏ2010 నుంచి హాన్స్ కొక్కేలకి మరలున్న రంధ్రాలు కూడా హెల్మెట్‌లోనే వస్తున్నాయి. ఇంట్లో డ్రిల్లు పెట్టి రంధ్రం చేసుకోకూడదు, చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెప్తున్నా.

అయితే మీరన్నదాంట్లోనూ న్యాయం ఉంది. మామూలు బెల్టు, రోల్ బార్ లేని కారు, నిర్వాహకులు ఒప్పుకున్నారు, చేతిలో కొత్త 22.06 ఉంది అంటే ఒక రోజుకి దాన్ని వాడండి. పదేళ్ల కిందటి ఎస్‌ఏ అరువు తెచ్చుకోవడం కంటే మేలు. కొత్తగా కొంటున్నవాడు మాత్రం ఎస్‌ఏనే కొనాలి. ఎస్‌ఏ2020 కొన్నా చాలా ఏళ్లు నడుస్తుంది, ఎస్‌ఏ2025 కూడా వచ్చింది. ఎఫ్‌ఐఏ 8859 లేబుల్ ఉన్నదైనా సరే. ముందుముందు ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (మన దేశ మోటారు క్రీడల సమాఖ్య) లైసెన్స్ తీసుకుని రేసులోకి దిగితే అక్కడ ఎలాగూ లేబుళ్లు చూస్తారు.

#15 బైక్_నుంచి_కారుకి
నిప్పు పరీక్ష సంగతి తెలియదు సార్. లోపల లేబుల్ చూశా, పాలియెస్టరే.

#16 నెల్లూరు_నుంచి_చెన్నై
సైజు గురించి ఒక మాట, చాలామంది పొరపడేది ఇక్కడే. హెల్మెట్ పెట్టుకుని చేత్తో పట్టుకుని పక్కకి తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు హెల్మెట్‌తో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. పట్టీ బిగించి, వెనకనుంచి అంచు పట్టుకుని ముందుకి పైకెత్తండి. ఊడి వచ్చేస్తే ఆ సైజు మీది కాదు. తర్వాత ఇంట్లో అరగంట పెట్టుకుని టీవీ చూడండి. నుదుటి మీద ఒక్కచోట నొప్పి పుడితే ఆకారం కుదరలేదన్నట్టు. బుగ్గలు గట్టిగా నొక్కితే పర్లేదు, నాలుగు రోజులకి సర్దుకుంటుంది.

ట్రాక్ దగ్గర అద్దెకిచ్చే హెల్మెట్లు చాలావరకు వదులైపోయి ఉంటాయి. ఎవరెవరి చెమటో కూడా ఉంటుంది. హెల్మెట్ లోపల తలకి వేసుకునే గుడ్డ ముసుగు, బాలాక్లావా, సొంతది తీసుకెళ్లండి.

#17 ఓరుగల్లు_పోలో
డాలస్ అన్నా, నువ్వు ఊరికొచ్చేటప్పుడు ఒక హెల్మెట్ తేరాదూ. పోయేటప్పుడు మా అమ్మ పెట్టిన ఆవకాయ పంపిస్త.

#18 మియాటా_డాలస్
ఆవకాయకైతే రెండు తెస్తా. ఇక్కడ మామూలు ఎస్‌ఏ హెల్మెట్ రెండొందల యాభై, మూడొందల డాలర్ల నుంచి దొరుకుతుంది. ఒక్కటే షరతు, సైజు ముందే ఎక్కడైనా పెట్టుకుని చూసుకోవాలి. చెకిన్ బ్యాగేజీలో వేయను, చేతి సామానులోనే తెస్తా. విసిరేస్తే లోపల థర్మాకోల్ నలిగినా బయటికి కనపడదు.

#19 సీమ_స్విఫ్ట్
అందరూ గుద్దినాక ఏమైతాదో మాట్లాడతాండారు. గుద్దకుండా ఆపేదాని గురించి రెండో పోస్టులో బెజవాడాయన ఒక ముక్క చెప్పినాడు, మళ్లా ఎవురూ ఎత్తల్యా. నేను ఎత్తుతా.

లెక్క ఏసి చూడండప్పా. మనిషితో కలిపి 1350 కిలోల కారు. గంటకు 160 నుంచి 60కి దించితే బ్రేకుల్లోకి పోయే శక్తి పదకొండు లక్షల జౌళ్లు దాటుతాది. మూడు లీటర్ల పైన చన్నీళ్లు మరిగించేంత వేడి. అది ఒక్కసారి బ్రేకు తొక్కినందుకే. ఒక్కో ల్యాపులో అట్ల ఎన్ని తూర్లు తొక్కల్ల? వర్టస్‌కి వెనక డ్రమ్ములే, పనంతా ముందర డిస్కులే చేయల్ల.

డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగగూడదని ప్రమాణం. తేమ పీల్చినాక 155కి పడిపోతాది. ఫ్లూయిడ్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. పెడలు తొక్కితే నేలదాకా పోతాది, కారు ఆగదు. నేను ఒకాయన పక్కన కూర్చున్నప్పుడు చూసినా ఆ పెడలు పోవడం. మెయిన్ స్ట్రెయిట్ చివర ఆయన కాలు కొట్టుకోవడం, గేరు దించడం, ట్రాక్ పక్కన గులకరాళ్లలోకి పోయి నిలబడడం. కారుకి గీత పడలేదు, ఆయనకి మాత్రం చానాసేపు నోట మాట రాలేదు.

మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది పోపిచ్చు. కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు. ఒక సెట్టు మంచి ప్యాడ్లు వేయించు. ఈ రెండూ కలిపినా హెల్మెట్ అంత కాదు ఖర్చు. రోడ్డు మీద కూడా పనికొస్తాయి. ఆ ఫ్లూయిడ్ తేమ తొందరగా పీలుస్తాది, ఏడాదికోసారి మార్చుకో.

#20 బెజవాడ_టర్బో
ఇదిగో, ఇదే నేను చెప్పబోయింది. నాకు ఇంత ఓపిక లేదు, సీమ అన్నకి ఉంది.

దీనికి కలుపుతున్నా: నాలుగు ల్యాపులు గట్టిగా కొట్టాక ఒక ల్యాపు బ్రేకు తాకకుండా నెమ్మదిగా తిప్పి చల్లార్చు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) వచ్చి హ్యాండ్ బ్రేక్ లాగకు, గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టు. టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలు చూడు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయిదారేళ్లు దాటిన టైరుతో ట్రాక్ ఎక్కకు, గాడి ఎంత లోతున్నా సరే. వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో చూసుకో, నా పోలోకి 120 న్యూటన్ మీటర్లు. మొదటి సెషన్ అయ్యి చల్లారాక మళ్లీ చూసుకో.

#21 డాక్టరమ్మ_ఎన్‌లైన్
కారు అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీని ఆన్‌లోనే ఉంచండి. అందరూ ఆపేశారని ఆపకండి.

#22 వర్టస్_కూకట్‌పల్లి
నిప్పు సంగతి ఎవరూ చెప్పలేదు. సూటు కొనాలా? ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఇంట్లో ఉన్న ఏబీసీ పౌడర్‌ది పెట్టేయొచ్చా?

#23 మియాటా_డాలస్
మామూలు కారు, ఫ్యాక్టరీ పెట్రోల్ ట్యాంకు, ఫ్యాక్టరీ పైపులు. సూటు అవసరం రాదు. ఒకే పొర ఉన్న ఎస్‌ఎఫ్‌ఐ (అమెరికా రేసు సామాను ప్రమాణం) 3.2ఏ/1 సూటు చర్మం బొబ్బలెక్కే లోపు ఇచ్చేది సుమారు 3 సెకన్లు. 3.2ఏ/5 అయితే దాదాపు 10. డబ్బు పెట్టదలిస్తే రెండోదానికే పెట్టాలి, చెన్నై ఎండలో అది వేసుకుని కూర్చోవడం ఇంకో పరీక్ష. దాని బదులు పూర్తి చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, పలచని అడుగున్న తోలు బూట్లు. జెర్సీలు, ట్రాక్ ప్యాంట్లు, జాలీ రన్నింగ్ షూలు వద్దు, అన్నీ కరిగే సరుకు.

గ్లవ్స్ మాత్రం నోమెక్స్‌వి కొనండి. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ డ్రైవర్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో ఉండిపోయింది గుర్తుందా? అరనిమిషం లోపే బయటికి వచ్చాడు, ప్రధానంగా కాలినవి చేతులే. మంటల్లో బెల్టు విప్పేది, తలుపు తీసేది చేతులేగా. మంట లేకపోయినా చెమటకి స్టీరింగ్ జారకుండా పనికొస్తాయి.

#24 నెల్లూరు_నుంచి_చెన్నై
ఏబీసీ పౌడర్ మంటని ఆర్పుతుంది, కాదనను. క్యాబిన్ మూసి ఉండగా కొడితే ఊపిరాడదు, కళ్లు కనపడవు. తర్వాత ఆ పొడి వైర్లని, అల్యూమినియాన్ని తినేస్తుంది. పొడి మిగల్చని క్లీన్ ఏజెంట్ సిలిండర్ దొరికితే అది తీసుకోండి. అంతకంటే ముఖ్యం దాన్ని ఎలా బిగించారన్నది. ప్లాస్టిక్ క్లిప్పుతో, వెల్‌క్రోతో కట్టిన రెండు కిలోల ఇనప సీసాని నేను తనిఖీలో పీకించేస్తాను. గుద్దుకున్నప్పుడు అది క్యాబిన్‌లో ఫిరంగి గుండు. లోహపు బ్రాకెట్, సీటు రైలు బోల్టులకి బిగించాలి, కూర్చున్నచోటునుంచి చెయ్యి అందాలి. అలా బిగించలేకపోతే అసలు పెట్టొద్దు, ట్రాక్ మార్షల్స్ దగ్గర సిలిండర్లు ఉంటాయి.

అదే లెక్కన కారులో ఉన్నవన్నీ దించేయండి. స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసా, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ. డ్రైవరు కాళ్ల కింద మ్యాటు మర్చిపోకండి, అది ముడుచుకుని బ్రేకు కిందికి పోతుంది.

#25 సీమ_స్విఫ్ట్
దేవుడి బొమ్మ దించేముందు దండం పెట్టుకో. మా అమ్మ అయితే దించనీదు, బొమ్మ కోసం కారే ఆపేస్తాది.

#26 ఓరుగల్లు_పోలో
మామూలు బెల్టు గట్టిగ పట్టాలంటే ఒక ఉపాయం ఉన్నది. విశాఖ అన్న చెప్పిన జారుడు చాన తగ్గుతది. సీటు ఒక రెండు మూడు గాట్లు వెనక్కి జరుపు. బెల్టు పెట్టుకో. నడుం పట్టీ కిందికి, తొడ ఎముకల కాడికి దించి గట్టిగ లాగు. అప్పుడు భుజం పట్టీని ఒక్క గుంజు గుంజితే రీల్ లాక్ అయితది. లాక్ అయినంక వదలకుండ సీటు ముందుకు జరుపుకో. నడుముకు బిర్రుగ అతుక్కుంటది. సీటు ముందుకు జరిపినంక క్లచ్చి పూర్తిగ తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలె, స్టీరింగ్ పైన మణికట్టు ఆనాలె. ఎయిర్‌బ్యాగుకు ఛాతీకి జానెడు కన్న ఎక్కువ దూరం ఉండాలె, మరీ దగ్గర కూసోకు.

#27 విశాఖ_ఆక్టావియా
ఇది ఇప్పుడే కింద పార్కింగ్‌లో చేసి చూశా. బానే పట్టింది.

#28 వర్టస్_కూకట్‌పల్లి
ఇప్పటికి తేలింది: ఎస్‌ఏ హెల్మెట్, బాలాక్లావా, నోమెక్స్ గ్లవ్స్, నూలు బట్టలు, బ్రేక్ ఫ్లూయిడ్, ముందు ప్యాడ్లు. బెల్టు, సీటు, ఎయిర్‌బ్యాగులు ఉన్నవి ఉన్నట్టే. షాపువాడు చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు. ఇన్సూరెన్స్ సంగతేంటి? మా ఏజెంటు "అన్నీ కవర్ సార్" అంటున్నాడు.

#29 బెజవాడ_టర్బో
ఏజెంటు మాట వదిలెయ్. పాలసీ కాగితంలో వాడకానికి పరిమితులు అనే చోట చూడు. వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షలు, పేస్ మేకింగ్ ఇవన్నీ మినహాయింపులని మన దేశంలో మోటారు పాలసీల్లో రాసే ఉంటుంది. ట్రాక్‌లో గుద్దితే బాగుచేయించే డబ్బు నీదే అనుకుని వెళ్లు. ఆ లెక్క మనసులో ఉంటే కాలు కూడా కాస్త అదుపులో ఉంటుంది.

#30 మియాటా_డాలస్
ఇక్కడ ఒక్క రోజుకి ట్రాక్ ఇన్సూరెన్స్ విడిగా అమ్ముతారు. అక్కడ ఆ సౌకర్యం వస్తే బాగుండు.

రోల్ కేజ్ ఆలోచన ఎవరికైనా ఉంటే ఇంకోటి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీ వివరాలకి భిన్నంగా కారుని మార్చకూడదు. ఇక్కడ నా మియాటాకి పైకప్పు లేదు కాబట్టి రోల్ బార్ లేకుండా ట్రాక్‌లోకి రానివ్వరు. ముందు అద్దం పై అంచునుంచి బార్ దాకా ఒక కర్ర అడ్డంగా పెట్టి చూస్తారు, నా హెల్మెట్ ఆ కర్రకి రెండు అంగుళాలు కిందే ఉండాలి. డ్రైవరుకి హార్నెస్ ఉంటే పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కీ అదే ఉండాలని చాలా క్లబ్బుల నియమం. నాకు ఆ నియమం చాలా న్యాయంగా అనిపిస్తుంది. మన చేతిలో తన ప్రాణం పెట్టి పక్కన కూర్చునేవాడికి మనకున్నంత రక్షణైనా ఉండాలి.

#31 డాక్టరమ్మ_ఎన్‌లైన్
ఇన్‌స్ట్రక్టర్ మాట వచ్చింది కాబట్టి. మీ ట్రాక్ డేలో డబ్బు కడితే ఇన్‌స్ట్రక్టర్ దొరుకుతాడేమో కనుక్కోండి. గ్లవ్స్ మానేసైనా ఆయన్ని పెట్టుకోండి అంటాను. ఎక్కడ బ్రేకు తొక్కాలి, పిట్‌లోంచి ఎలా బయటికి రావాలి, ఏ జెండాకి ఏం చేయాలి ఇవన్నీ పక్కనుంచి ఒకరు చెప్తే మా ఎమర్జెన్సీకి పని తగ్గుతుంది. నీళ్లు బాగా తాగండి. ఎండదెబ్బ తగిలినవాడికి తనకి తగిలినట్టు తెలియదు, మలుపు దగ్గర తొక్కాల్సిన చోటు దాటిపోయాక తెలుస్తుంది. తల నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయండి, మిగిలిన సెషన్ డబ్బు పోతే పోయింది.

#32 బైక్_నుంచి_కారుకి
కళ్లజోడు ఉన్నవాళ్లు ఏం చేస్తారు? నా బైక్ హెల్మెట్‌లో కాడలు చెవుల పైన నొక్కుతాయి.

#33 విశాఖ_ఆక్టావియా
నాకూ కళ్లజోడే. కాడలు తిన్నగా, సన్నగా ఉన్న జత ఒకటి విడిగా చేయించుకున్నా. బాలాక్లావా, హెల్మెట్ పెట్టుకున్నాక చివర్లో దూర్చాలి. హెల్మెట్ కొనేటప్పుడే కళ్లజోడు తీసుకెళ్లి పెట్టుకుని చూడండి.

#34 వర్టస్_కూకట్‌పల్లి
ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడట, అడిగా. పేరు రాయించేశా. హెల్మెట్ సైజు చూడ్డానికి హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఎస్‌ఏ మీడియమో లార్జో ఉందా? ఇంకోటి, తర్వాత పంపిన మెయిల్‌లో టో హుక్ (కారుని లాగడానికి తగిలించే కొక్కెం) ముందే బిగించి రమ్మన్నారు. బూట్‌లో టూల్స్ దగ్గర చూశా కానీ ఎప్పుడూ వాడలేదు.

#35 ఓరుగల్లు_పోలో
నా దగ్గర లార్జ్ ఉన్నది. ఆదివారం పొద్దుగాల హన్మకొండ నుంచి హైదరాబాద్ వస్తున్న, ఉప్పల్ కాడ కలుద్దాం. అరగంట పెట్టుకోని చూడు, తొందరేం లేదు.

#36 నెల్లూరు_నుంచి_చెన్నై
టో హుక్ ఇంట్లోనే ఒకసారి బిగించి చూడు తమ్ముడూ, ట్రాక్ దగ్గర మొదటిసారి ప్రయత్నించొద్దు. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో సాధారణంగా దానికి ఎడమ మరలు ఉంటాయి, గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది. చాలామంది అటు తిప్పకుండా హుక్ పట్టడం లేదంటారు. ముందు బంపర్ మీద చిన్న మూత ఉంటుంది, స్క్రూడ్రైవర్ కొనకి గుడ్డ చుట్టి తీస్తే రంగు పోదు. చేత్తో బిగిశాక వీల్ స్పానర్ కాడ దూర్చి చివరిదాకా తిప్పు. ఆ మూతని డాష్‌బోర్డులో పెట్టకు, బూట్‌లోంచి దించే సామానుతో పాటు సంచిలో వెయ్.